ఉంగరాల జుట్టులో రెండు బంధాలు

ఒత్తుగా పెరిగి, ఉంగరాలు తిరిగి, కాస్త తేమ తగిలితే చాలు రేగిపోయే జుట్టును తిన్నగా చేసుకోవడానికి బజారులో దొరికే మార్గాలు డజన్ల కొద్దీ కనిపించినా, ప్రతి మార్గమూ వెంట్రుక లోపల దేనిని కదిలిస్తున్నదన్న ప్రశ్నతో జల్లెడ పడితే ప్రధానంగా మిగిలేవి రెండు వర్గాలు. నీటితో వీడిపోయి, ఆరగానే తిరిగి ముడిపడే బలహీనమైన బంధాలను సర్ది ఊరుకునేవి మొదటి వర్గానికి చెందుతాయి. నీటికి ఏమాత్రం లొంగని గంధకపు బంధాలను రసాయనంతో తెంచి, కొత్త ఆకారంలో మళ్లీ అతికించేవి రెండో వర్గానికి చెందుతాయి. మొదటి వర్గపు ఫలితం మళ్లీ తలస్నానం చేసేదాకా మాత్రమే నిలుస్తుంది కానీ, జాగ్రత్తగా చేస్తే జుట్టుకు దాదాపు నష్టం ఉండదు. రెండో వర్గపు ఫలితం ఆ వెంట్రుక ఉన్నంతకాలం నిలుస్తుంది కానీ, ఆ వెంట్రుక బలంలో కొంత భాగం తిరిగి రాకుండా పోతుంది. శాశ్వతమైన ఫలితాన్నీ, నష్టం లేని పద్ధతినీ ఒకేసారి వాగ్దానం చేసే ప్రకటనలను ఎంత అనుమానంతో చూస్తే అంత మంచిది, ఎందుకంటే వెంట్రుక నిర్మాణమే ఆ వాగ్దానానికి అడ్డు నిలుస్తుంది.

వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీనుతో తయారైన పోగు; గోళ్లలోనూ, గొర్రె ఉన్నిలోనూ ఉండేది ఈ కుటుంబపు ప్రోటీనే. వెంట్రుక పైభాగాన క్యూటికల్ అనే పొర ఉంటుంది. ఇంటి కప్పు మీద పెంకులు ఒకదాని అంచు మీద మరొకటి వాలినట్టుగా, పలుచని పొలుసులు కుదురు నుంచి కొస వైపుకు వాలి ఒకదానినొకటి కప్పుకొని ఉంటాయి, వాటి మీద కంటికి కనిపించని కొవ్వు పూత ఒకటి నీటిని సులువుగా లోనికి రానీయకుండా కాపాడుతూ ఉంటుంది. ఆ పొలుసుల లోపల ఉండే కార్టెక్స్ అనే భాగం వెంట్రుకకు బలాన్నీ, రంగునూ, ఆకారాన్నీ ఇస్తుంది. కార్టెక్సులో పొడవాటి కెరాటిన్ గొలుసులు పక్కపక్కన పేర్చి ఉండగా, గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఒక గొలుసులోనూ దాని ఎదుటి గొలుసులోనూ ఎదురుపడిన చోట ఆ రెండు గంధక పరమాణువులు కలిసి డైసల్ఫైడ్ అనే గట్టి బంధాన్ని ఏర్పరుస్తాయి. ఇవి కాక అదే గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు కూడా ఉంటాయి. సంఖ్యలో ఇవి ఎంతో ఎక్కువ, విడివిడిగా బలంలో ఎంతో తక్కువ, నీటి అణువు మధ్యలో చొరబడితే వీడిపోతాయి కనుక వీటిని నీటి బంధాలు అనుకోవడం సులువు.

జుట్టు ఉంగరాలు తిరగడానికి కారణం మాత్రం బయట కనిపించే పోగులో కాక, మాడు కింద అది పుట్టే రోమకూపంలో ఉంటుంది. తిన్నని వెంట్రుక పుట్టే కూపం చర్మంలోకి నేరుగా దిగితే, ఉంగరాల వెంట్రుక పుట్టే కూపం అడుగున కొక్కెంలా వంగి ఉంటుంది. అందులో వెంట్రుక రెండు పక్కల కణాలు ఒకే తీరున గట్టిపడవు కనుక, బయటికి వచ్చేసరికే ఒక పక్కకు వంగే గుణం దానిలో స్థిరపడి ఉంటుంది. కాబట్టి బయటి పోగుకు ఏ పూత పూసినా, ఏ రసాయనం పట్టించినా, రేపు మొలిచే వెంట్రుక తన పాత ఆకారంలోనే మొలుస్తుంది. ఈ వంకర నుంచే ఉంగరాల జుట్టుకు మరికొన్ని కష్టాలు వస్తాయి: మాడు నుంచి ఊరే సహజమైన జిడ్డు తిన్నని వెంట్రుక మీద జారినంత తేలికగా మలుపుల వెంట కొసలదాకా పాకదు కనుక జుట్టు పొడిబారుతుంది, మలుపు తిరిగిన ప్రతిచోటా పొలుసుల మీద ఒత్తిడి పడుతుంది కనుక దువ్వెన తగిలినప్పుడు అది అక్కడే ముందుగా తెగుతుంది. బిరుసుతనమని అందరూ నిందించేది నిజానికి చాలావరకు ఈ పొడిదనమే.

వెంట్రుకకు తేమతో ఉన్న బంధుత్వం ఎంత నమ్మదగినదంటే, జెనీవాకు చెందిన శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ జిడ్డు తీసిన మనిషి వెంట్రుకతో గాలిలోని తేమను కొలిచే పరికరాన్ని తయారుచేసి, 1783లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. పూర్తిగా పొడిగా ఉన్న గాలి నుంచి పూర్తిగా తేమ నిండిన గాలిలోకి వెళ్లేసరికి వెంట్రుక పొడవు సుమారు 2 శాతం పెరుగుతుంది, లావు అంతకంటే ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. ఈ ఉబ్బు అన్ని వెంట్రుకలలోనూ ఒకేలా ఉండకపోవడం వల్ల, ఒక్కొక్క పోగూ తన పాత మలుపును వెతుక్కుంటూ పక్కదానిని వదిలి పైకి లేస్తుంది. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో ఉదయం తిన్నగా దువ్వుకున్న జుట్టు మధ్యాహ్నానికి రేగిపోవడానికీ, వేసవి ఎండల్లో అనంతపురంలో అదే జుట్టు అంతగా రేగకపోవడానికీ కారణం ఈ తేమలోని తేడాయే.

నూలు చీరకు ఇస్త్రీ చేసేటప్పుడు ముందుగా నీళ్లు చిలకరించడం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. నూలులోని సెల్యులోజ్ గొలుసులను పట్టి ఉంచేవీ హైడ్రోజన్ బంధాలే కనుక, నీటితో అవి వీడి, సాగదీసి ఉంచిన స్థితిలో వేడికి ఆరి, కొత్త తీరులో ముడిపడతాయి; చీర మీద మళ్లీ తడి పడితే ఆ మడత నలిగిపోతుంది. 1930ల తొలి సంవత్సరాలలో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో విలియం ఆస్ట్‌బరీ ఉన్ని, వెంట్రుకల మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి, తడిగా ఉన్న పోగును సాగదీసినప్పుడు చుట్టలు చుట్టుకున్న కెరాటిన్ గొలుసులు విప్పారుతాయనీ, వదిలేస్తే తిరిగి చుట్టుకుంటాయనీ చూపాడు. తడి జుట్టును సాగదీసి ఆరబెడితే తిన్నబడడానికీ, మరునాడు తడిస్తే మళ్లీ ఉంగరాలు రావడానికీ ఇంతకంటే స్పష్టమైన వివరణ అక్కరలేదు. అయితే చీరకూ జుట్టుకూ ఒక తేడా ఉంది, దానిని మరవడం వల్లనే ఇళ్లలో ఎక్కువ నష్టం జరుగుతున్నది: తడి చీర మీద కాలిన ఇస్త్రీ పెట్టె పెట్టవచ్చు కానీ, తడి జుట్టు మీద స్ట్రెయిటనర్ ఎన్నటికీ పెట్టకూడదు. వెంట్రుక లోపల చిక్కుకున్న నీరు ఒక్కసారిగా ఆవిరై బయటపడే దారి లేక బుడగలు కడుతుంది, సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ పోగు స్పాంజిలా గుల్లబడి కనిపిస్తుంది, ఆ బుడగ ఉన్న చోటే అది విరుగుతుంది.

నష్టం లేకుండా తిన్నగా చేసుకునే పని తలస్నానానికి ముందే మొదలవుతుంది. తలంటుకు ముందు నూనె పెట్టుకునే తెలుగువారి అలవాటుకు ప్రయోగశాలలో కొంత సమర్థన దొరికింది. 2003లో ఇద్దరు భారతీయ పరిశోధకులు కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి చూసి, వెంట్రుక నుంచి కడిగేటప్పుడు పోయే ప్రోటీనును గణనీయంగా తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటేనని ప్రచురించారు. కొబ్బరినూనెలో ప్రధానమైన లారిక్ ఆమ్లపు అణువు చిన్నదిగా, పొడుగ్గా, కొమ్మలు లేకుండా ఉండడం వల్ల అది వెంట్రుక లోపలికి ఇంకి, నీటికి అది అతిగా ఉబ్బకుండా చేస్తుందని వారి వివరణ. కుంకుడుకాయ రసం మురికినీ జిడ్డునూ బాగా తీస్తుంది కానీ, ఆ తర్వాత ఏ పూతా లేని ఉంగరాల జుట్టు ఒకదానికొకటి రాచుకొని చిక్కుపడుతుంది కనుక, కుంకుళ్లు వాడినా షాంపూ వాడినా దాని తర్వాత కండిషనర్ అవసరం. కండిషనర్‌లో ధనావేశం ఉన్న అణువులు ఉంటాయి, పొలుసులు దెబ్బతిన్న చోట వెంట్రుకకు రుణావేశం ఎక్కువగా ఉంటుంది కనుక అవి సరిగ్గా గాయపడిన చోటికే వెళ్లి అంటుకుంటాయి. ఖరీదు ఎక్కువ ఉన్నదా తక్కువ ఉన్నదా అన్నదాని కంటే ఈ పని జరుగుతున్నదా లేదా అన్నదే చూడాలి. బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో అవి జుట్టు మీద పేరుకొని గరుకుదనాన్ని పెంచుతాయి, అటువంటి చోట చివరిసారి కడిగే నీరైనా మెత్తని నీరు అయితే తేడా తెలుస్తుంది.

తడి వెంట్రుక పొడి వెంట్రుక కంటే ఎక్కువ సాగుతుంది, తక్కువ బలానికే తెగుతుంది. అందువల్ల కండిషనర్ జారుడుదనం ఉండగానే, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్తూ చిక్కు తీయాలి. కుదుళ్ల నుంచి ఒక్క ఊపులో దువ్వితే చిక్కులన్నీ కొసల దగ్గర ఒక ముద్దగా బిగుసుకుంటాయి. తువ్వాలుతో గట్టిగా రుద్దకుండా, పాత మెత్తని నూలు బట్టతో ఒత్తి నీటిని పీల్చేయాలి. ఆ తర్వాత జుట్టును ఆరు లేదా ఎనిమిది పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయనూ దువ్వెనతోనో బ్రష్‌తోనో బిగువుగా పట్టుకొని, డ్రయ్యర్ గాలి కుదురు నుంచి కొసవైపుకు, అంటే పొలుసులు వాలిన దిక్కుకే పోయేటట్టు ఆరబెట్టాలి, ఎదురుగాలి తగిలితే పెంకులు లేచినట్టే పొలుసులు లేస్తాయి. డ్రయ్యర్ వాడడమే హానికరమన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. 2011లో కొరియా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, 15 సెంటీమీటర్ల దూరం నుంచి ఆగకుండా కదుపుతూ ఆరబెట్టినప్పుడు జుట్టు వద్ద ఉష్ణోగ్రత 47 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉండగా, 5 సెంటీమీటర్ల దూరంలో అది 95 డిగ్రీలకు చేరింది. వేడి పెరిగిన కొద్దీ పైపొర నష్టం పెరిగింది కానీ, గాలికే వదిలి చాలాసేపు తడిగా ఉంచిన జుట్టులో కణాల మధ్య ఉండే అతుకు పొర ఉబ్బి దెబ్బతిన్నది. దూరం, కదలిక అన్న ఈ రెండింటిని పాటిస్తే వేడి గాలి శత్రువు కాదన్నది ఆ ప్రయోగం నేర్పే విషయం.

పాయ పూర్తిగా ఆరిన తర్వాత చల్లని గాలిని కొన్ని క్షణాలు వదలడం చాలామంది పట్టించుకోని పని, కానీ ఫలితం నిలిచేది దానివల్లనే. వేడిలో మెత్తబడి ఉన్న పోగు చల్లబడే క్షణంలో నీటి బంధాలు ముడిపడతాయి, అందుకే సాగదీసిన పట్టును చల్లబడేదాకా వదలకూడదు. వేడి అసలే వద్దనుకునేవారు కొంత తడి ఆరిన జుట్టును పెద్ద రోలర్లకు చుట్టవచ్చు, లేదా వదులుగా రెండు మూడు జడలు అల్లి ఆరనివ్వవచ్చు. దీనివల్ల జుట్టు పూర్తిగా తిన్నబడకపోయినా బిగువైన ఉంగరాలు పొడవాటి అలలుగా విచ్చుకుంటాయి, చాలామందికి అసలు కావలసినది అంతే. జడను మాత్రం కుదుళ్లు లాగేటట్టు బిగించకూడదు, నెలల తరబడి అలా లాగితే నుదుటి పైనా కణతల దగ్గరా జుట్టు పలుచబడి, కొన్నేళ్లకు ఆ కూపాలు మళ్లీ వెంట్రుకలు మొలిపించలేని స్థితికి చేరతాయి. చివరగా రెండు మూడు చుక్కల సిలికోన్ సీరమ్‌ను కొసలకు రాస్తే అది బయటి తేమను నెమ్మదింపజేస్తుంది.

స్ట్రెయిటనర్ తప్పనిసరి అనుకునేవారు ఉష్ణోగ్రత అంకెను చూసి వాడాలి. బజారులో దొరికే అనేక పరికరాలు 230 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, పొడి వెంట్రుకలోని కెరాటిన్ చుట్టలు ఛిన్నాభిన్నమయ్యేది కూడా సుమారు ఆ ఉష్ణోగ్రత వద్దనే. తడి ఉంటే అంతకంటే ఎంతో తక్కువ వేడికే అది జరుగుతుంది. ఉష్ణోగ్రత కనిపించని, సర్దుబాటు లేని చవకైన పరికరాన్ని కొనకపోవడం మేలు. పలుచని జుట్టుకు 150 డిగ్రీల దగ్గర, ఒత్తు జుట్టుకు 180 డిగ్రీలకు మించకుండా, పూర్తిగా ఆరిన పలుచని పాయ మీద ఒకే ఒక్కసారి ఆగకుండా లాగడం పది సార్లు రుద్దడం కంటే ఎంతో నయం. వేడి నుంచి రక్షించే స్ప్రేలు వెంట్రుక మీద పలుచని పొరగా ఏర్పడి వేడి ప్రవేశాన్ని నెమ్మదింపజేస్తాయి, ఆపవు; ఆ నమ్మకంతో ఉష్ణోగ్రతను పెంచితే అవి ఇచ్చే రక్షణ కూడా వృథా అవుతుంది.

కొబ్బరిపాలు, నిమ్మరసం, మొక్కజొన్న పిండి కలిపి పట్టిస్తే జుట్టు శాశ్వతంగా తిన్నబడుతుందన్న మాట విరివిగా వినిపిస్తుంది. వీటిలో గంధకపు బంధాన్ని తెంచగలిగినది ఏదీ లేదు. ఇలాగే ఇళ్లలో పట్టించే గుడ్డులోని ప్రోటీను అణువు వెంట్రుకలోకి దూరలేనంత పెద్దది, పెరుగులోని ఆమ్లమూ కొవ్వూ పైపొరను కాసేపు నునుపు చేస్తాయి. అవిసె గింజలను ఉడికించి తీసిన జిగురు మాత్రం ఆరి పలుచని పొరగా ఏర్పడి రేగే పోగులను పట్టి ఉంచుతుంది కనుక దానికి నిజమైన ఉపయోగం ఉంది, అయితే అది ఉంగరాన్ని తీరుగా ఉంచుతుందే తప్ప తిన్నగా చేయదు.

పార్లర్లలో రీబాండింగ్ అనీ, దానికి కొంత తేలికైన రూపంలో స్మూతెనింగ్ అనీ పిలిచే ప్రక్రియ రెండో వర్గానికి చెందినది. అమ్మోనియం థయోగ్లైకొలేట్ వంటి రసాయనం క్షారగుణంతో పొలుసులను తెరిచి, లోపలికి వెళ్లి గంధకపు జంటలను విడదీస్తుంది. జుట్టును కడిగి, ఆరబెట్టి, పలుచని పాయలుగా వేడి ఇస్త్రీతో తిన్నగా లాగి, ఆ స్థితిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్ పట్టిస్తే విడిపోయిన గంధక పరమాణువులు కొత్త జతలు కడతాయి. అయితే విడిపోయినవన్నీ మళ్లీ జతకట్టవు, కొన్ని పెరాక్సైడ్‌తో చర్య జరిపి ఇక ఎన్నటికీ బంధం కట్టలేని ఆమ్లరూపంలోకి మారతాయి. పొలుసుల మీది కొవ్వు పూత కూడా క్షారానికి కొట్టుకుపోతుంది. ఒకసారి, అనుభవజ్ఞుల చేతిలో, ఇంతకుముందు బ్లీచ్ గానీ రసాయన చికిత్స గానీ తగలని జుట్టుకు ఈ నష్టం భరించదగినదే కావచ్చు. అసలు ప్రమాదం రెండోసారి వస్తుంది: కుదుళ్ల దగ్గర కొత్తగా మొలిచిన భాగానికి మాత్రమే పట్టించవలసిన మందు పాత భాగం మీద కూడా పడితే, అప్పటికే సగం బంధాలు కోల్పోయినట్టున్న పోగు దువ్వెనకే తెగి చేతిలోకి వస్తుంది. లోహపు లవణాలు కలిసిన నల్లరంగు పొడులు వాడినవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే పెరాక్సైడ్‌తో అవి వేడి పుట్టించే చర్య జరుపుతాయి.

ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు తరతరాలుగా వాడిన రిలాక్సర్లు సోడియం హైడ్రాక్సైడ్ వంటి మరింత తీవ్రమైన క్షారాలతో తయారయ్యేవి. రిలాక్సర్ల చరిత్రలో తొలి పేర్లలో ఒకటైన గారెట్ మోర్గన్ కుట్టుమిషన్ సూది రాపిడికి ఉన్ని గుడ్డ కమలకుండా చూసే ద్రవం కోసం ప్రయత్నిస్తూ, ఆ ద్రవం తగిలిన ఉన్ని పోగులు తిన్నబడడం గమనించాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఉన్నిలోనూ వెంట్రుకలోనూ ఉన్నది కెరాటినే కనుక అందులో ఆశ్చర్యం లేదు. హైడ్రాక్సైడ్‌తో మారిన బంధం తిరిగి మారదు, దాని మీద థయోగ్లైకొలేట్ రీబాండింగ్ చేయించుకుంటే జుట్టు కుదుళ్ల దాకా విరిగిపోవచ్చు.

ఈ విభజనకు కొంత పక్కగా నిలిచేది కెరాటిన్ ట్రీట్‌మెంట్. పేరులో కెరాటిన్ ఉన్నా, బ్రెజిల్ నుంచి వ్యాపించిన ఈ పద్ధతిలో తొలినుంచీ అసలు పని చేసినది ఫార్మాల్డిహైడ్. జీవశాస్త్ర ప్రయోగశాలలలో కళేబరాలను నిల్వ ఉంచే ఫార్మాలిన్‌లో ఉండేది అదే. అది కెరాటిన్ గొలుసుల మధ్య కొత్త వంతెనలు వేసి, వేడి ఇస్త్రీతో తిన్నగా చేసిన ఆకారాన్ని కొన్ని నెలలు బిగించి ఉంచుతుంది. సీసాలో అది నీటితో కలిసి మిథిలీన్ గ్లైకాల్ అనే పేరుతో ఉంటుంది, ఇస్త్రీ వేడి తగలగానే వాయువుగా విడుదలవుతుంది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషులలో కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2011లో అమెరికా కార్మిక భద్రతా విభాగం, ఫార్మాల్డిహైడ్ లేదని ముద్రించిన సీసాలలో కూడా అది ఉన్నట్టు గుర్తించి హెచ్చరిక జారీచేసింది. నాలుగైదు నెలలకొకసారి వచ్చే ఖాతాదారు కంటే, తలుపులు మూసి ఏసీ వేసిన చిన్న గదిలో రోజూ ఆ పొగ పీల్చే పార్లర్ అమ్మాయి ఆరోగ్యం గురించి ఎక్కువగా ఆలోచించవలసి ఉంది, అయినా ఈ చర్చలో ఆమె మాట చాలా అరుదుగా వినిపిస్తుంది.

ఫార్మాల్డిహైడ్‌కు బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం కూడా నిర్దోషి కాదని ఇటీవలి కాలంలో తేలింది. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రెంచి వైద్యులు ఒక 26 సంవత్సరాల యువతి గురించి రాశారు: 2020, 2021, 2022లలో మూడుసార్లు జుట్టు తిన్నగా చేయించుకున్న ప్రతిసారీ ఆమె మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఆమె జుట్టుకు వాడిన మందును ఎలుకల చర్మానికి పూసి చూడగా, మాడు ద్వారా ఇంకిన గ్లయాక్సిలిక్ ఆమ్లం ఆక్సలేటుగా మారి, మూత్రపిండాలలో కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలుగా పేరుకుంటుందని అర్థమైంది. చికిత్స తర్వాత వాంతులు, నడుం నొప్పి, మూత్రం తగ్గడం కనిపిస్తే దానిని అజీర్తిగా భావించకుండా, జుట్టుకు ఏమి పట్టించుకున్నదీ చెప్పి వైద్యులకు చూపించుకోవాలి. 2022లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం 33,497 మంది స్త్రీలను సుమారు 11 సంవత్సరాలు గమనించి, అంతకుముందు ఏడాదిలో నాలుగుసార్లకు మించి జుట్టు తిన్నగా చేసే రసాయనాలు వాడినవారిలో 70 ఏళ్లలోపు గర్భాశయ కేన్సర్ వచ్చే అవకాశాన్ని 4.05 శాతంగానూ, అసలు వాడనివారిలో 1.64 శాతంగానూ అంచనా వేసింది. ఇటువంటి అధ్యయనం కారణాన్ని నిరూపించదు, ఒక సంబంధాన్ని మాత్రమే చూపుతుంది; అయినా తరచుగా వాడకూడదని చెప్పడానికి అది చాలు.

రసాయన చికిత్సే కావాలని నిశ్చయించుకున్నవారు సీసా మీది పదార్థాల పట్టికను స్వయంగా చదవడం, అందులో థయోగ్లైకొలేట్, ఫార్మాల్డిహైడ్, మిథిలీన్ గ్లైకాల్, గ్లయాక్సిలిక్ ఆమ్లం అన్న పేర్లలో ఏది ఉన్నదో చూడడం, సీసా చూపించని చోట చేయించుకోకుండా లేచి రావడం, ముందుగా చెవి వెనుక ఒక చిన్న పాయ మీద ప్రయత్నించమనడం, మాడు మీద పుండ్లు ఉన్నప్పుడూ గర్భవతిగా ఉన్నప్పుడూ వాయిదా వేయడం అవసరం.

ఇక రీబాండింగ్ చేయించుకొని మానేయాలనుకునేవారికి తొందరపడే దారి లేదు. వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కనుక, భుజాల దాకా ఉన్న జుట్టు కొసకు రెండు మూడేళ్ల వయసు ఉంటుంది, ఆ కొస పోయేదాకా తల మీద రెండు రకాల జుట్టు కలిసి ఉంటుంది. కొత్తగా మొలిచిన ఉంగరాల భాగమూ పాత తిన్నని భాగమూ కలిసే గీత దగ్గరే పోగు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది, కాబట్టి చిక్కు తీసేటప్పుడు ఆ గీతకు పైన వేళ్లతో గట్టిగా పట్టుకొని కింది భాగాన్ని దువ్వాలి, రబ్బరు బ్యాండు ఆ గీత మీద పడకుండా చూసుకోవాలి. రెండు మూడు నెలలకొకసారి కొసలు కొద్దికొద్దిగా కత్తిరిస్తూ, మధ్యకాలంలో రోలర్లతోనో వదులైన జడతోనో రెండు భాగాలనూ ఒకే అలగా కలుపుతూ ఉంటే, రెండు మూడేళ్లు గడిచేసరికి తల మీద మిగిలేది కూపం నుంచి తన తీరున మొలిచిన జుట్టే.